తాతాజీ నాలిక్కి తెలియని నీళ్ళు లేవు

లోకంలో మెకానిక్కులు ఇంజను చప్పుడు విని రోగం చెప్తారు, పొగ చూసి చెప్తారు. ధవళేశ్వరం లాకుల దగ్గర షెడ్డు పెట్టుకున్న తాతాజీ మాత్రం ఇంజనాయిలు నాకి చెప్పేవాడు. నీళ్ళలో మునిగొచ్చిన లారీ ఏదైనా సరే, ఆయిలు గేజి పుల్ల బైటికి లాగి, కొసన వేలద్ది, ఆ వేలు నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, ఆ బండి ఏ కాలవ నీళ్ళు తాగిందో చెప్పేవాడు. తీర్థం పుచ్చుకున్నంత భక్తిగా పుచ్చుకునేవాడు. ఆ తర్వాత తుపుక్కున ఉమ్మేసేవాడనుకోండి, తీర్థానికీ దానికీ అదొక్కటే తేడా.

ఒకసారి ఓ రొయ్యల లారీ డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి, "వాన నీళ్ళేనండి, రోడ్డు మీద మోకాల్లోతు నిలిచాయంతే" అన్నాడు. తాతాజీ లారీ చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు. అదొకటి, ప్రదక్షిణం చెయ్యందే గేజి ముట్టుకోడు. వచ్చి వేలు నాకి, "మీ వైపు వాన ఉప్పగా కురుస్తుందా నాయనా?" అన్నాడు. డ్రైవరు అటూ ఇటూ చూసి, ఓనరు దగ్గర్లో లేడని తేలాక, ఉప్పుటేట్లో దిగిన సంగతి మొత్తం కక్కేశాడు. అప్పుడు తాతాజీ బండినంతా మంచినీళ్ళతో రెండుసార్లు కడిగించి, "ఇది ముందే చెబితే నీ సొమ్మేం పోయింది? ఉప్పు ఇనుముని తినేస్తుంది, అబద్ధం ఇంజన్ని తినేస్తుంది" అన్నాడు.

దాంతో ఓనర్లకి గురి కుదిరిపోయింది. డ్రైవరు ఒట్టేసినా నమ్మరు, క్లీనరు ఏడ్చినా నమ్మరు, తాతాజీ నాలుక బైటపెడితే మాత్రం నమ్ముతారు. కోర్టులో జడ్జి గారి మాట మీదైనా అప్పీలుకి వెళ్ళొచ్చు గానీ తాతాజీ నాలుక మీద అప్పీలు లేదు.

కిళ్ళీకొట్టు అచ్చిబాబుకి ఈ నాలుకంటే ఒళ్ళు మంట. కందకు లేని దురద కత్తిపీటకి. మూడు గ్లాసుల్లో మూడు చోట్ల నీళ్ళు తెచ్చి, "ఏది బావి, ఏది కాలవ, ఏది గోదారి? చెప్పవోయ్ తాతాజీ" అని నలుగురిలో నిలదీశాడు. తాతాజీ గ్లాసుల వైపు చూడనైనా చూళ్ళేదు. "ఒట్టి నీళ్ళు రుచి చూడ్డానికి నేనేవన్నా ఆవునా అచ్చిబాబూ? ఆయిల్లో కలిస్తేనే నీటి గుణం బైటపడేది" అన్నాడు. నలుగురూ అవునవునన్నారు. అచ్చిబాబు సోడాలకని ఉంచుకున్న నిమ్మకాయ పిండుకుని ఆ మూడు గ్లాసులూ తాగేశాడు.

ఈ నాలుక వల్ల ఊరందరికంటే ఎక్కువ మండిపోయింది తాతాజీ పెళ్ళాం వెంకటదుర్గ. షెడ్డుకి వెనకాలే ఇల్లు. అందులో పద్ధెనిమిదేళ్ళనించీ వండి వారుస్తోంది. కొరమేను పులుసు పెట్టినా, వంకాయ పచ్చిపులుసు చేసినా, ఒక్క ఆవకాయ బద్ద వేసి చేతులు దులుపుకున్నా, ఆయన తిని, చెయ్యి కడుక్కుని, ఒకే ముక్క అనేవాడు.

"కుదిరింది."

"ఏం కుదిరింది? పులుపా, ఉప్పా, కారవా?"

"అన్నీను."

"గౌతమికీ వశిష్ఠకీ తేడా చెప్పే నాలుకండి అది. చింతపండు పడిన పులుసుకీ పడని పులుసుకీ తేడా చెప్పదేంటి?"

"నువ్వు ఇంజనాయిల్తో వండు, చెప్తాను" అని ఆయన షెడ్డులోకి పోయేవాడు.

దుర్గ నోరు తక్కువది కాదు. చుట్టుపక్కల ఆడవాళ్ళతో, "మా ఆయన నాలిక్కి లారీలకొకటి, ఇంటికొకటి రెండు గుణాలున్నాయి. ఇంటికొచ్చేసరికి చెప్పుతోలైపోద్ది" అనేది. ఎవరైనా నవ్వితే, "నవ్వకండమ్మా, మీ ఇళ్ళల్లో మాట్టాడే నాలుకలుండి ఏం ఒరిగింది" అనేది.

తొంభై ఎనిమిదో, తొమ్మిదో సంవత్సరం. ఆషాఢం ఆఖర్న పట్టిన ముసురు విడవలేదు. ఒకరోజు పొద్దున్నే సరుగుడు కర్రల లారీ ఒకటి ఇంకో లారీని గొలుసు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలేసి వెళ్ళిపోయింది. వదిలేసిన లారీ బంగార్రాజు గారిది. కడియంలో ఉంటారు, కొబ్బరికాయలు తునికి తోలతారు. లారీలోంచి ముందు డ్రైవరు అబ్బులు దిగాడు. తర్వాత ఒక బుట్ట దిగింది. ఆ తర్వాత ఒక కోడిపెట్ట దిగింది. దాని వెనకాల అబ్బులు అత్తగారు రత్తమ్మ దిగింది.

తాతాజీ అందర్నీ వరసగా చూసి, "లోడు దిగిందా, ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

అబ్బులు ఎదురొచ్చి, "బాబాయ్ గారూ, ఆయ్, కొంప మునిగిందండి" అన్నాడు.

"బండి మునిగినట్టు తెలుస్తూనే ఉంది. ఎంతలోతు?"

"దీపాలు మునిగాయండి."

"మునిగాక ఆపావా, అదే ఆగిందా?"

"అదే ఆగిందండి. డబ్బుమని ఆగింది."

"ఆగాక మళ్ళీ సెల్ఫ్ కొట్టావా?"

అసలు ప్రశ్న ఇదీ. నీళ్ళల్లో ఆగిన ఇంజన్ని మళ్ళీ సెల్ఫ్ కొట్టి తిప్పితే చచ్చినట్టే. గాలినైతే నొక్కొచ్చు గానీ నీళ్ళని నొక్కలేం. నిండు బిందెకి మూత బిగించి ఇంకా లోపలికి తొయ్యమంటే తోస్తుందా? మూతన్నా చితకాలి, చెయ్యన్నా విరగాలి. ఇంజన్లో అయితే రాడ్డు వంగుద్ది. ఏ డ్రైవరైనా కంగార్లో నాలుగుసార్లు కొడతాడు, కొట్టి, ఈ ప్రశ్నకి లేదండి అంటాడు.

అబ్బులు లేదండి అనలేదు. అత్తగారి వైపు చూశాడు. "కొడదామనే చెయ్యి పెట్టానండి. ఈవిడ తాళం లాగేసుకుంది."

రత్తమ్మ కొంగు చివర ముడి చూపించింది. "అమ్మవారు ఆపిన బండి. దాన్ని కదిలించడానికి నువ్వెవడివన్నాను. తాళం తీసి అమ్మవారి పేరు చెప్పి ముడేసేశాను."

తాతాజీ రెండు చేతులూ ఎత్తి ఆవిడకి దణ్ణం పెట్టాడు. "పాతికేళ్ళనించీ గొంతు చించుకు చెప్తున్నానమ్మా, ఒక్క డ్రైవరు విన్లేదు. ఇకనించి ప్రతి లారీలో ఒక అత్తగార్ని కూచోబెట్టమంటాను."

కథ ఏంటంటే, రత్తమ్మది తుని. కూతురు బేబీకి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి ఏడోనెల నిండితే పెద్దాపురం మరిడమ్మకి కోడినిస్తానని మొక్కుకుంది. నెల నిండింది, జాతర ముగింపుకొచ్చింది, వానలకి బస్సులు ఆగిపోయాయి. అల్లుడు తునిలో కొబ్బరికాయలు దింపి ఖాళీ లారీతో బయల్దేరుతుంటే కోడితో సహా ఎక్కి కూచుంది. "దారిలోనేగా బాబూ" అంది. పెద్దాపురం దారిలో లేదు. హైవే వదిలి పక్కకి పోవాలి. అత్తగారి మాట తీసెయ్యలేక పక్కకి పోయాడు. పెద్దాపురం ఇంకా చేరకుండానే ఏలేరు పొర్లి రోడ్డు మీద పారుతోంది. దిగాడు. ఆగింది.

"రాజు గారికి తెలిసిందా?" అన్నాడు తాతాజీ.

"టెలిఫోను బూత్ నించి చెప్పానండి. కడియం దగ్గర కాలవ గట్టు ఎలాగూ పొర్లి రోడ్డెక్కింది కదా, అందులో మునిగిందని చెప్పాను. ఆయనేమో, పెద్దాపురం దారిలో నా లారీ చూశామని ఎవరో అంటున్నారేంట్రా, తాతాజీ దగ్గరే ఉండు, నాలుకతోనే తేల్చేస్తానన్నారండి. పదకొండింటికి వస్తారు." అబ్బులు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "సొంత పనికి బండి తిప్పాడని ఇద్దర్ని ఇప్పటికే తీసేశారు. ఆయన తీసేస్తే ఇక్కడ ఇంకే ఓనరూ స్టీరింగ్ ఇవ్వడండి. బేబీకి ఇంక రెండు నెలలే ఉంది."

తాతాజీ లారీ చుట్టూ ప్రదక్షిణం చేశాడు. వంగి చక్రాల మీద మడ్‌గార్డుల్లోకి చెయ్యి పోనిచ్చి చూసుకున్నాడు. ఎయిర్ ఫిల్టరు గిన్నె విప్పి లోపలికి చూసి మళ్ళీ మూత పెట్టేశాడు.

"ఆ రబ్బరు పైపు పట్టుకో. చక్రాల పైన, అడుగున, మూలమూలలా కడుగు. ఈ గిన్నె కూడా."

అంట్లు తోముకుంటున్న దుర్గ తల ఎత్తింది. రుచి చూడకముందు బండి కడిగించడం ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. ఎవరైనా కడుక్కొస్తే, "కడిగితే గుణం తెలీదయ్యా" అని తిట్టే మనిషాయన. అబ్బులు కడుగుతూ ఉంటే మడ్‌గార్డుల కింద నించి మట్టి కరిగి ఆవిడ అంట్ల ముందునించే కాలవలోకి పారింది. ఎర్రగా, పారాణి కలిపినట్టు పారింది. ధవళేశ్వరం దిగువన, కడియంతో సహా, ఎక్కడ తవ్వినా నల్లమట్టే. ఎర్రమట్టి మెట్టది, పెద్దాపురం వైపుది. పొయ్యి అలికిన ఏ ఆడదాన్నడిగినా చెప్తుంది.

దుర్గ ఆ ఎర్రనీళ్ళు చూసింది. మొగుణ్ణి చూసింది. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆవిడ అంట్ల గిన్నెలో బూడిద నీళ్ళు ఎత్తి ఆ ఎరుపు మీద కుమ్మరించి, "ఈ పూట నాకు పని కాదు" అని గొణుక్కుంటూ రత్తమ్మనీ కోడినీ కూడా లోపలికి తీసుకుపోయింది.

తాతాజీ ఇంజనుకి నాజిళ్ళు ఊడదీశాడు. అవి డీజిలు చిమ్మే గొట్టాలు, అవి తీస్తే లోపలి నీళ్ళకి దారి దొరుకుద్ది. ముందు పుల్లీకి రాడ్డేసి చేత్తోనే నెమ్మదిగా తిప్పాడు. ఆరు చిల్లుల్లోంచీ నీళ్ళు పిచికారీలా లేచాయి. ఇంజను ఎక్కడా పట్టెయ్యలేదు. నీళ్ళు కలిసిన ఇంజనాయిలు మాత్రం తియ్యకుండా అలాగే ఉంచాడు. రాజు గారికి నాలుక సాక్ష్యం కావాలి కదా.

పదకొండింటికి బంగార్రాజు గారు బుల్లెట్టు మీద వచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. అనుమానం ఆయనకి షుగరు జబ్బులాంటిది, రోజూ పొద్దున్నే లేస్తుంది. స్టూలు వేస్తే కూచోలేదు.

"ఇంజను సంగతి తర్వాత తాతాజీ. ముందు నీళ్ళ సంగతి చెప్పు. ఏలేరా, మన కాలవా?"

"డ్రైవరేమంటున్నాడండి?"

"వాడు కాలవంటాడు. చూసినోడు ఏలేరంటాడు. నాకు మనుషుల మాటలొద్దయ్యా. నీ నాలుక మాట చాలు."

తాతాజీ గేజి లాగాడు. ఆయిలు పసుపేసిన మజ్జిగలా ఉంది. వేలద్దుకున్నాడు, నాకాడు, కళ్ళు మూసుకున్నాడు. గుమ్మంలో దుర్గ, లోపల రత్తమ్మ, రత్తమ్మ చంకలో కోడి, ఎవరూ కదల్లేదు. అబ్బులు చేతిలో పైపు ఇంకా పట్టుకునే ఉన్నాడు, నీళ్ళు వాడి కాళ్ళ మీదే పోతున్నాయి. తాతాజీ ఎప్పుడూ లేనిది రెండోసారి కూడా నాకాడు. ఉమ్మేశాడు.

"గోదారేనండి. కాలవ నీళ్ళు."

"ఖాయవా?"

"కొంచెం నర్సరీ ఎరువు కూడా తగుల్తోంది. కడియం వైపే."

రాజు గారు తల పంకించారు. "ఎరువు కూడా తెలుస్తుందేంటి?"

"పేడెరువేనండి. యూరియా కాదు."

దుర్గకి నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పక్కన అబ్బులు గాలి పీల్చుకోవడం షెడ్డంతా వినపడింది.

"ఇంకో మాటండి" అన్నాడు తాతాజీ. "ఇది నాలుక మాట కాదు, రెంచి మాట. నీళ్ళల్లో ఆగాక ఈ బండికి సెల్ఫ్ కొట్టలేదు. కొట్టుంటే ఇంజను విప్పి పరిచి దానికి పాడె కట్టినంత పనయ్యేది. ఆరు రాడ్లూ తిన్నగా ఉన్నాయి. ఇలాటి బుద్ధి వందమంది డ్రైవర్లలో ఒకడికుండదు."

ఎవరి బుద్ధో ఆయన చెప్పలేదు, రాజు గారు అడగలేదు. అబ్బులు వైపు తిరిగి, "పర్లేదురా, బుర్ర ఉంది" అన్నారు. ఆయన నోటెంట అంతకంటే పెద్ద బిరుదు ఇంకెవరూ అందుకోలేదు.

పాత ఆయిలు తీసి, కొత్తది పోసి, ఫిల్టర్లు మార్చి, డీజిలు టాంకీ అడుగున చేరిన నీళ్ళు వంపేసి, నాజిళ్ళు బిగించేసరికి రెండు దాటింది. రాజు గారు కదల్లేదు. ఆకలికి మొహం వాడిపోయినా అక్కడే ఉన్నారు.

"ఏదీ, స్టార్ట్ చెయ్యి. తాళం ఏది?"

అబ్బులు జేబులు తడుముకున్నాడు. తాళం అందులో లేదని వాడికి తెలుసు, అయినా పాపం తడుముకున్నాడు.

"మా ఆవిడకిచ్చానండి దాచమని" అన్నాడు తాతాజీ. "ఏవే, తాళం పట్రా."

దుర్గ లోపలికెళ్ళింది. రత్తమ్మ కొంగు గుప్పిట్లో బిగించేసుకుంది. "అమ్మవారి పేరు చెప్పి కట్టిన ముడమ్మా. కోణ్ణి అప్పజెప్పందే విప్పకూడదు."

"మీ అల్లుడు పని ఊడితే అమ్మవారికి మీరిచ్చేదేం ఉండదొదినా, ఆవిడే మీకు ఇన్ని మెతుకులు పెట్టాలి" అంది దుర్గ చిన్నగా. "విప్పండి. పాపం ఉంటే నా ఖాతాలో వేసుకుంటాను. మా ఆయన ఇందాకే ఓ పెద్దది వేశాడు, దాని పక్కన ఇది కనపడదు."

రత్తమ్మ విప్పింది. విప్పి దుర్గ చేతికిచ్చి ఊరుకుంటే బాగుండేది. అమ్మవారి తాళం చేతులు మారకూడదని తనే కోడితో సహా షెడ్డులోకి వచ్చేసింది.

"ఈవిడెవరు?" అన్నారు రాజు గారు.

అబ్బులు నోరు తెరిచే లోపల దుర్గే అందుకుంది. "మా వదిన గారండి, తుని. పెద్దాపురం మరిడమ్మకి కోడి మొక్కు. బస్సుల్లేక ఇక్కడ చిక్కడిపోయింది." అందులో వదిన తప్ప అంతా నిజమే.

బండి రెండు దగ్గులు దగ్గి, బుస్సుమని తెల్లపొగ వదిలి, ఆనక మామూలు గొంతుతో పలికింది. రాజు గారి ప్రాణం నిమ్మళించింది. ప్రాణం నిమ్మళిస్తే ఆయనకి దానగుణం వస్తుంది. రత్తమ్మ వైపు చూసి, "మొక్కు ఆపుకోకూడదమ్మా. ఒరే అబ్బులూ, ఏలేరు నీళ్ళు తీశాక తునికి ఎలాగూ లోడుంది. ఈవిణ్ణి లారీలో ఎక్కించుకుని పెద్దాపురంలో దింపి పో. కొంచెం పక్కకి పోతే పోయావు, పుణ్యం" అన్నారు.

"ఆయ్, మీరు చెప్పాక తప్పుద్దాండి" అన్నాడు అబ్బులు. కోడి కూడా ఏదో అంది.

అందరూ వెళ్ళాక మూడున్నరకి తాతాజీ అన్నానికి కూచున్నాడు. దుర్గ కొరమేను పులుసు వేసింది. ఎదురుగా చతికిలబడి, ఆయన ముద్ద కలపడం, నోట్లో పెట్టుకోవడం, మింగడం, మళ్ళీ కలపడం, కన్నార్పకుండా చూసింది. ఆయన మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు.

"కుదిరింది."

"ఉప్పెయ్యలేదండి."

తాతాజీ చెయ్యి తువ్వాల్లోనే ఆగిపోయింది.

"చింతపండు కూడా వెయ్యలేదు. మిరపకాయలు మాత్రం మూడు రెట్లు పోశాను. మీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చూసుకున్నారా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఎప్పుడనుమానం వచ్చింది?"

"ఎర్రనీళ్ళు నా అంట్ల ముందునించి పారినప్పుడు. ఎప్పట్నించి పోయింది నాలుక?"

"టైఫాయిడొచ్చింది చూడు, ఆ ఏడు. జ్వరం పోయింది, రుచి దాంతోపాటే పోయింది."

దుర్గ వేళ్ళు మడిచి లెక్కేసింది. పదేళ్ళు. "మరి రొయ్యల లారీ? ఉప్పుటేరని ఎలా చెప్పారు?"

"మడ్‌గార్డులో పీతకాలు ఇరుక్కుని ఉంది."

"మరి ఆ నాకుడెందుకండీ, రోత."

"మట్టి చూసి చెప్పాననుకో, ఓనరు కూడా వంగి చూస్తాడు. పీతకాలు వాడికీ కనపడుద్ది. నాలుకైతే ఎవడూ తొంగి చూళ్ళేడు." ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నోటితో చెబితే వాదిస్తారే. నాకి చెబితే నోరు మూసుకుంటారు. బండి నేను బాగుచెయ్యగలను. పని ఊడిన డ్రైవర్ని ఏ స్పానరుతో బిగించను?"

"అయితే దొంగలందర్నీ కాపాడుతున్నారన్నమాట."

"అందర్నీ కాదు. తాగి దింపినోణ్ణీ, సెల్ఫ్ కొట్టి ఇంజన్ని చంపినోణ్ణీ వదల్లేదు. వాళ్ళకి నాలుక నిజమే చెప్పింది."

దుర్గ కంచం తియ్యడానికి వంగింది. అసలు దెబ్బ అప్పుడు గుర్తొచ్చింది. "మరి పదేళ్ళనించీ నా వంట కుదిరింది, కుదిరింది అని..."

"ముందు ఎనిమిదేళ్ళు రుచి తెలిసే తిన్నాను కదా" అన్నాడు తాతాజీ. "చెయ్యి అదేగా."

దుర్గ లేచి, కుండలో మిగిలిన పులుసులో తనకోసం ఉప్పేసుకుంది.

అబ్బులు శ్రావణంలో మొక్కు తీర్పించాడు. బేబీకి ఆడపిల్ల పుట్టింది, రత్తమ్మ మనవరాలి చేతికి ఆడుకోడానికి తాళాలు మాత్రం ఇవ్వదట.

ధవళేశ్వరంలో ఆ తర్వాత మారింది ఒక్కటే. మునిగిన లారీ గొలుసు కట్టుకుని షెడ్డు ముందు ఆగిందంటే, తాతాజీ ప్రదక్షిణం పూర్తయ్యే లోపల వెంకటదుర్గ బక్కెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. మొగుడి కళ్ళలోకి ఒకసారి చూసేది. ఆయన ఆకాశం వైపు చూశాడంటే చక్రాల మీద నీళ్ళు కుమ్మరించేది. నేల వైపు చూశాడంటే బక్కెట్టు పట్టుకుని లోపలికి పోయేది.

ఓనర్లకి అదీ నచ్చింది. "రుచి చూసేముందు ఇల్లాలు నీళ్ళు జల్లి శుద్ధి చేస్తుందయ్యా, ఎంత నిష్ఠ" అని చెప్పుకునేవాళ్ళు.